ఒడ్డున నిలబడి చెప్పిన మాట

తెల్లారి ఇంకా అరగంట కూడా కాలేదు, కోడలు అప్పుడే వరండాలో పీట వేసుకుని వల ముందు కూర్చుంది. దారం చుట్టిన చెక్కసూదిని చిరిగిన వల కన్నుల్లోంచి దూర్చి, ముడి వేసి, దారం పళ్ళతో కొరికి, మళ్ళీ దూరుస్తోంది. తొమ్మిదింటికి ఆమెని పుట్టింటికి తీసుకెళ్ళడానికి వాళ్ళన్నయ్య బండి తీసుకొస్తాడు. ఆలోపు ఈ వల పూర్తి చెయ్యాలని ఆమె పట్టుదల. విడిచిపోతున్న ఇంట్లో పని మిగిల్చి వెళ్తే రేపు ఆ మాట కూడా పడాలి. ఇప్పటిదాకా పడ్డవి చాలవా ఏమిటి!

వంటింట్లో అత్తగారు గిన్నెలతో మాట్లాడుతోంది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఆమె మాటలన్నీ గిన్నెలతోనే. కోడలికి చెప్పాల్సినవి మూతకో గరిటెకో చెబుతుంది, కోడలు విని ఆ పని చేస్తుంది. "నీళ్ళు నిండుకున్నా ఎవరికి పట్టింది!" అంటే బిందె తీసుకెళ్ళమని. "టీ చల్లారిపోతోంది, తాగేవాళ్ళు తాగొచ్చు" అంటే ఇవాళ కాస్త దయ కలిగిందని. ఈ రోజు మాత్రం గిన్నెలకి కూడా ఏమీ చెప్పకుండా టీ గ్లాసు తెచ్చి వల పక్కన పెట్టి వెళ్ళిపోయింది. కోడలు ఆ గ్లాసు ముట్టుకోలేదు. కోపంగా పెట్టి ఉంటే హాయిగా తాగేసేది.

మామగారు ముందు గదిలో మంచం మీద గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాడు. రేవులో అందరూ ఆయన్ని 'వాక్యం తాత' అంటారు. వల చిక్కుపడితే ఒక బైబిలు వాక్యం, చలి వేస్తే ఒక వాక్యం, కూరలో ఉప్పెక్కువైతే దానికీ ఒకటి. ఇరవై ఏళ్ళు మందిరంలో ప్రార్థన కూడికలకి ఆయనే మాట్లాడేవాడు. కొడుకు పోయిన నాటి నుంచి ఆయన మందిరం గడప తొక్కలేదు, సముద్రం వైపు చూడలేదు, మనిషితో నాలుగు ముక్కలు మాట్లాడింది లేదు. దుఃఖం అనుకున్నారు అంతా. దుఃఖమే, కాదని ఎవరంటారు? కానీ అందులో ఇంకోటి కలిసి ఉందని ఆయనకొక్కడికే తెలుసు.

జరిగింది రేవులో చంటిపిల్లలకి కూడా తెలుసు. కొడుకు రాత్రంతా వేటాడి ఒక్క చేప కూడా లేకుండా తెల్లారాక వచ్చాడు. ఒడ్డున వల కడిగి, ఇంటికొచ్చి, గడపలో నిలబడి పెళ్ళాన్ని పొడి చొక్కా అడిగాడు. ఆమె వేళాకోళానికి ఒక మాట అంది. "ఖాళీ చేతులతో వచ్చినోళ్ళకి పొడి చొక్కా కూడానా? వల నింపుకుని రా, అప్పుడిస్తా!" అతను వచ్చిన దారినే వెళ్ళాడు. ఇద్దరు లాగాల్సిన వలతో ఒక్కడే వెళ్ళాడు. మధ్యాహ్నం పక్క పడవలవాళ్ళు అతని పడవని కట్టి లాక్కొచ్చారు. వల నిండా చేపలు. అంత నిండిన వలని ఈ మధ్య కాలంలో ఆ రేవు చూడలేదు. మనిషి మర్నాడు దొరికాడు.

ఆ వేళాకోళం అత్తగారు వంటింట్లోంచి విన్నది. అదే ఆమె గుండెలో మేకులా దిగిపోయింది. వచ్చిన వాళ్ళందరికీ చెప్పింది, ఏడుస్తూ చెప్పింది, చివరికి చెప్పడం మానేసి చూపుతో చెప్పడం మొదలుపెట్టింది. కోడలు ఒక్కనాడు ఎదురు చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఆమెకీ అదే నమ్మకం.

ఎనిమిదిన్నరకి వల పూర్తయింది. మడిచి మూల పెట్టి, లోపలికెళ్ళి తన సంచీ తెచ్చుకుంది. అత్తగారు వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"వెళ్ళొస్తాను అత్తయ్యా."

"ఊఁ."

అంతే. కోడలు మామగారి మంచం దగ్గరికి వచ్చింది. ఆయన వీపే కనిపిస్తోంది.

"మామయ్యా, వెళ్తున్నాను. వెళ్ళే ముందు ఒక్క మాట." సంచీ రెండు చేతులా పట్టుకుంది. "నా నోటి దూలే ఆయన్ని పొట్టన పెట్టుకుంది. మీరు నన్ను ఒక్క మాటైనా అనలేదు. మీరలా ఊరుకుంటే నాకింకా నరకంగా ఉంది మామయ్యా. క్షమించానని ఒక్క ముక్క అనండి, వెళ్ళిపోతాను."

ఆ వీపు కదిలింది. ముసలాయన మెల్లగా లేచి కూర్చున్నాడు. ఆమె ముఖంలోకి చూడలేక ఆమె చేతిలోని సంచీ చూశాడు.

"కూర్చోమ్మా."

"ఇప్పుడు కూర్చోబెట్టడం ఎందుకు? అన్న వచ్చే టైమైంది" అంది అత్తగారు.

"నువ్వు కూడా కూర్చో. వాడు ఈ పిల్ల మాటకి వెళ్ళలేదు. నా మాటకి వెళ్ళాడు."

ఇద్దరూ కూర్చోలేదు. అత్తగారికి అర్థం కానట్టుంది. "ఏమంటున్నావు?" అంది.

"ఆ పొద్దున మందిరంలో కూడిక. చెప్పాల్సింది నేను" అన్నాడాయన. ఎనిమిది నెలలు వాడని గొంతు, మాట మాటకీ బొంగురుపోతోంది. "జాలరి పేతురు సంగతి చెబుదామనుకున్నా. రాత్రంతా కష్టపడి ఏమీ దొరక్క వలలు కడుక్కుంటుంటే యేసు ప్రభువు మళ్ళీ లోతుకెళ్ళి వెయ్యమంటాడు చూడు, అది. నీ మాట చొప్పున వేస్తానంటాడు పేతురు. వల పిగిలిపోయేన్ని పడతాయి. అదే మనసులో చెప్పుకుంటూ రేవు మీదుగా వెళ్తున్నా. చూద్దును కదా, మనవాడు వల కడుగుతున్నాడు. ఖాళీ పడవ. నాకు ఒళ్ళు జలదరించింది. చెప్పబోయేది నా కళ్ళముందే నిలబడింది అనుకున్నా."

"ఊఁ, తర్వాత?" అంది అత్తగారు.

"ఇంకోసారి వేసి రారా అన్నాను. 'జతగాడు ఇంటికెళ్ళిపోయాడు నాన్నా, మబ్బు కూడా బాగాలేదు' అన్నాడు. పేతురు మబ్బు చూశాడట్రా అన్నాను. వాడు నవ్వాడు. వాడికి అలవాటే కదా, తలుపు వెయ్యమన్నా, నీళ్ళు తెమ్మన్నా, 'నీ మాట చొప్పున నాన్నా' అని నన్ను ఆటపట్టించడం. అలాగే అన్నాడు. 'చొక్కా తడిసింది, మార్చుకుని వెళ్తా' అని ఇంటి వైపు వచ్చాడు. నేను మందిరానికి పోయాను."

కోడలి చేతిలో సంచీ నేల మీద పడింది. ఆమె దాన్ని తీయలేదు.

"నాకు చేపలు అక్కర్లేదే" అన్నాడు ముసలాయన భార్యతో. "వల నిండితే ఆ పడవ చూపించి కూడికలో సాక్ష్యం చెబుదామనుకున్నా. నా మాట నెగ్గాలనుకున్నా. అక్కడ నేను గొంతెత్తి పేతురు విధేయత గురించి చెబుతున్నా, జనం ఆమెన్ అంటున్నారు, అదే గంటలో నా కొడుకు..."

అత్తగారు గుమ్మం వదిలి రెండడుగులు ముందుకి వచ్చింది. తర్వాత అడిగింది, చాలా మెల్లగా. "ఎనిమిది నెలలు ఈ పిల్లని నేనన్నవన్నీ వింటూ అక్కడే పడుకున్నావా?"

"విన్నాను."

"నోరు పెగల్లేదా?"

"మొదటి రోజు ధైర్యం చాల్లేదు. రెండో రోజు, నిన్న ఎందుకు చెప్పలేదంటావని భయం. అలా రోజులు గడిచిపోయాయి. దేవుడు వల నింపాడు, అది అబద్ధం కాదు. అది లాగడానికి రెండో మనిషి లేకపోవడం మాత్రం నా పనే."

"నాకు చదువు రాదు" అంది అత్తగారు. "ఇరవై ఏళ్ళు ఆడవాళ్ళ చాప మీద కూర్చుని నువ్వు చెప్పిందే విన్నా. ఇప్పుడు నేనడుగుతా, చెప్పు. లోతుకెళ్ళి వల వెయ్యమన్నప్పుడు ప్రభువు ఎక్కడున్నాడు?"

ఆయన తల ఎత్తాడు.

"పడవలో ఉన్నాడు! పేతురు పడవలోనే కూర్చుని ఉన్నాడు. లోతుకి పదమని తనూ వెళ్ళాడు. గాలొస్తే ఆయన మీదకీ వచ్చేది, మునిగితే ఆయనా మునిగేవాడు. నువ్వెక్కడున్నావయ్యా? ఉతికిన చొక్కా వేసుకుని ఒడ్డున నిలబడ్డావు! వల బరువైతే పేతురు పక్క పడవ వాళ్ళని సైగ చేసి పిలిచాడు. నా బిడ్డ ఎవర్ని పిలిచి ఉంటాడు? చెప్పు, ఎవర్ని పిలిచి ఉంటాడు!"

ముసలాయన మంచం మీంచి నేల మీదికి జారిపోయాడు. ఇరవై ఏళ్ళు ఆ అధ్యాయం చెప్పాడు, కంఠతా వచ్చు, ఆ ఒక్క సంగతి ఏనాడూ ఆయన కంట పడలేదు. ఏడుపు ఆయనకి అలవాటు లేదు, ఎలా ఏడవాలో తెలియనట్టు నోరు తెరుచుకుని ఊపిరి కోసం కొట్టుకున్నాడు. భార్య దగ్గరికి వెళ్ళలేదు.

"నిన్ను ఇవాళ క్షమించలేను" అంది. "రేపు అడుగు. రేపు కాకపోతే ఎల్లుండి అడుగు. అడగడం మాత్రం మానకు."

కోడలు ఆయన వైపు వంగింది. "అయితే ఆయన నా మాటకి పౌరుషపడి వెళ్ళలేదా మామయ్యా?"

"లేదమ్మా. మళ్ళీ వెళ్ళడానికే వచ్చాడు. నువ్వేమన్నా, ఏమీ అనకపోయినా వెళ్ళేవాడు."

ఎనిమిది నెలలుగా ఈ మాట ఎవరైనా అంటారేమోనని ఆమె ఎదురుచూసింది. అంటే బరువు దిగిపోతుందనుకుంది. దిగింది కూడా. కానీ దాని కింద ఇంకోటి ఉందని ఇప్పుడు తెలిసింది.

"అయితే నిజంగా చొక్కా కోసమే వచ్చారు" అంది. "చలేసి వచ్చారు. నేనివ్వలేదు అత్తయ్యా! ఆయన మెట్లు దిగగానే తీసి మంచం మీద పెట్టాను. వెనక్కి పిలవచ్చు కదా, పిలవలేదు. వస్తారుగా అనుకున్నాను..." అక్కడే గోడకి జారబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

అత్తగారు వచ్చి ఆమె పక్కన కూలబడింది. ఆ తలని లాక్కుని గుండెకి అదుముకుంది. "ఊరుకో నా తల్లీ, ఊరుకో. మొగుడితో ఆ మాత్రం అనని ఆడదెవరే? నేను ఈయనతో రోజుకి పదిసార్లు అనేదాన్ని. నీ ఏడుపు నీకుంటే నా ఏడుపు కూడా నీ నెత్తిన పెట్టాను. పాపిష్టిదాన్ని."

బయట బండి హారన్ మోగింది. ఎవరూ లేవలేదు. కాసేపటికి అన్నయ్య గుమ్మం దాకా వచ్చి, "చెల్లీ, సిద్ధమేనా..." అని, ముగ్గుర్నీ నేల మీద చూసి నోరు మూసుకున్నాడు. చెప్పులు విడిచి వరండాలోనే కూర్చున్నాడు.

"నువ్వు ఉండాలో వెళ్ళాలో నేను చెప్పను" అంది అత్తగారు. "ఈ ఇంట్లో చెప్పిన మాటలు చాలు. వెళ్తానంటే నీతో పాటు నేనూ బండెక్కి వస్తా, నిన్ను అక్కడ దింపేదాకా ఉంటా. కానీ వెళ్ళే ముందు నాకొకటి చెప్పు."

"ఏంటత్తయ్యా?"

"ఆ పొద్దున నేను వాణ్ణి చూళ్ళేదు. పొయ్యి దగ్గర ఉన్నా. నీ మాట ఒక్కటే వినపడింది. వాడి ముఖం ఆఖరుసారి చూసింది నువ్వొక్కదానివే. ఇన్నాళ్ళూ నీతో మాట్లాడకుండా నా కొడుకుని నేనే పోగొట్టుకున్నా. కోపంగా వెళ్ళాడా?"

"లేదత్తయ్యా, నవ్వారు." కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అవి మళ్ళీ నిండాయి. "జుట్టంతా ఉప్పు నీళ్ళు. ఆ తడి చేత్తోనే నా చెంప మీద తట్టి, 'నింపుకునే వస్తా, చూస్తుండు' అన్నారు. రెండు మెట్లు దిగి ఆగారు. 'అమ్మ లేచిందా' అన్నారు. లేచిందన్నాను."

"నన్నడిగాడా?"

"అడిగారు. 'మళ్ళీ వెళ్తున్నానని అమ్మకి చెప్పకు, మబ్బు చూసి బెంగ పెట్టుకుంటుంది' అన్నారు. అందుకే నేను మీకు..." ఆమె ఆగిపోయింది. ఏం చెప్పేసిందో అప్పుడు తెలిసింది.

అత్తగారి వేళ్ళు ఆమె భుజం మీద బిగుసుకున్నాయి. "చెప్పి ఉంటే..." అంది.

చెప్పి ఉంటే ఆ తల్లి పరుగెత్తుకెళ్ళి పడవకి అడ్డం పడి ఉండేది, అది ఆ గదిలో అందరికీ తెలుసు. కోడలు కళ్ళు మూసుకుని, రావలసిన మాట కోసం తల వంచింది.

అత్తగారు పెదవులు గట్టిగా కొరుక్కుంది. కాసేపటికి ఆ వేళ్ళు వదులయ్యాయి, కోడలి జుట్టులోకి వెళ్ళాయి.

"సరే" అంది. "ఇంకా ఏమన్నాడు? చెప్పు."