వివరాలు లేని ఉత్తరం

"హలో! మా కంప్యూటర్ పనిచేయట్లేదండి. ఏం చెయ్యాలో వెంటనే చెప్పండి."

"ఏ మెషిన్? మెమరీ ఎంత? డాస్ ఏ వెర్షన్? స్క్రీన్ మీద ఏం వచ్చింది?"

"అదేనండి... కంప్యూటరండి. గోధుమరంగుది."

అవతల నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది. తమిళ ఊళ్ళో తట్టాంచావడి పేట సబ్బుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఇన్‌ఛార్జి త్రిమూర్తులుకూ, అదే ఊళ్ళో సారం పేట సర్వీస్ సెంటర్ ఇంజనీరు డి. సౌభాగ్యానికీ 1988లో పరిచయమైంది ఇలాగే. యానాం నుంచి మూడు నెలల కోర్సు సర్టిఫికెట్‌తో దిగిన మహానుభావుడతను. పేరులో ముగ్గురు దేవుళ్ళున్నా, ఆ పెట్టె ముందు ఒక్కడూ పలకలేదు.

"వివరాల్లేకుండా అడిగితే చెప్పేదానికి నేనేమన్నా జోస్యం చూస్తానా సార్?" అని ఆమె విసుక్కునేది. మొదట్లో తెలియక, తర్వాత ఆ విసుగు వినాలని, అతను వివరాలు మింగేసి ఫోన్ చేసేవాడు.

ఏడు నెలలు గడిచాక ఒక శుక్రవారం ఆమె, "సోమవారం నించి నాకు మద్రాస్ ఆఫీసు సార్. ఇంక వేరే ఆయన పలుకుతాడు," అంది.

ఆ సాయంత్రమే త్రిమూర్తులు నాలుగు పేజీల ప్రేమలేఖ గుండ్రటి అక్షరాల్లో రాసి, ఫ్యాక్టరీ కవర్లో పెట్టి, సారం వెళ్ళి, ఆమె బల్ల మీద వదిలి పారిపోయాడు.

శనివారం ఆమె వానలో తడుస్తూ ఫ్యాక్టరీకే వచ్చింది.

"ఏంది సార్ ఇది? మా ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని, సదవను ఎవరికీ రాదు. మేం సదివింది తమిళం. మా నాయన తలకిందులుగా పట్టుకుని, కంప్లయింటా అన్నాడు. మీరే సదవండి."

అంటే, ఇల్లంతా చూసేసిందన్నమాట! త్రిమూర్తులు చెమటలు కక్కుతూ "ఓ శరజ్జ్యోత్స్నా!" అని మొదలుపెట్టాడు. రెండో పేజీకి తన మీద తనకే జాలేసింది.

"చాలు సార్. ఇందులో మీరు యాడ ఉన్నారు? వివరాలు చెప్పండి."

అతను కాగితాలు మడిచేశాడు. "ఇరవై ఏడేళ్ళండి. తమిళం అంతంతమాత్రం. వంట చారు వరకే. మా అమ్మ కోపిష్ఠి. కంప్యూటర్ నాకసలు రాదండి. సగంసార్లు చెడిపోకుండానే ఫోన్ చేశాను."

"ప్రాబ్లమ్ ఏంది?"

"మీరు మద్రాస్ వెళ్ళిపోతే నేనుండలేనండి."

సౌభాగ్యం కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏడు నెలలకి ఒక ప్రశ్న సరిగ్గా అడిగినారు. మద్రాస్ పోకుండా కుదరదు, ఒప్పుకునేసినా. ఆదివారాలు వస్తా. రేపు మా ఇంటికొచ్చి ఇవన్నీ మా నాయనకి చెప్పండి. మీ అమ్మ కోపం సంగతి కూడా."

"ఆయ్, వస్తానండి," అన్నాడు త్రిమూర్తులు.