దూకని పిల్ల

మొదటి రోజే వినోద నాతో కొట్లాడింది. కాళ్లు బాగాలేని వాళ్లు ఎట్లా రావాలని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మేడ మీద పెట్టారని అడిగింది. పదిహేడు మెట్లు. ఇది నాది కాదు, జీతానికి పాఠాలు చెప్పేవాణ్ణని గొణిగాను.

"మరి గిది ఎవలదో వాళ్లకు చెప్పున్రి సార్" అని, కాళ్లు ముందుకు చాపి కంప్యూటర్ ముందు కూర్చుంది.

అది తొంభై ఆరు, నల్లగొండ. వాళ్ల ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్. పదేళ్లకే ఆమె మోకాళ్లు వంకరపోయాయి, ఇరవై వచ్చేసరికి సరిగా వంగడం మానేశాయి. గుంట మగ్గంలో కూర్చొని తొక్కలేదు కాబట్టి, నేతపని చేసే వాళ్ల నాయిన రామచంద్రయ్య చీరల డిజైన్లు గ్రాఫ్ కాగితం మీద గీసే పని ఇచ్చాడు. కంప్యూటర్ వస్తే కూర్చున్నచోటే బతుకుతుందని ఇక్కడికి పంపాడు.

నాకేమో ఒక్కటే పిచ్చి, సొంతంగా గేమ్ చెయ్యాలని. బొమ్మ నడవడం, గోడ తగిలితే ఆగడం, దూకడం, అన్నీ ముందే రాసిపెట్టిన ఫ్రేమ్‌వర్క్ ఒకటి కోఠిలో ఫ్లాపీ మీద దొరికింది. ఒక్క లైన్ రాస్తే బొమ్మ దూకుతుంది. బొమ్మ గీయడమే నాకు రాదు. వినోద గ్రాఫ్ కాగితం మీద ఒక్కో గడికి రంగు నింపి బొమ్మ ఇచ్చేది, నేను కంప్యూటర్లోకి ఎక్కించేవాణ్ణి.

"మీ చెట్టు గోబీపువ్వు లెక్కుంది సార్" అని నవ్వేది. ఆ నవ్వు కోసం కావాలనే ఇంకా చెడ్డ చెట్లు గీశాను.

ప్రేమ నోటితో చెప్పే ధైర్యం లేక గేమ్‌లో పెట్టాను. నీలం లంగావోణీ, రెండు జడల పిల్ల గుట్టలెక్కుతుంది, వాగులు దూకుతుంది. ఒక వాన మధ్యాహ్నం చూపించాను.

"గీమె ఎవలు సార్?"

"నువ్వే."

తెర మీది పిల్ల కాళ్ల మీద వేలు పెట్టింది. "నా కాళ్లు సక్కగ చేస్తెనే నేను నీకు నచ్చుతనా?"

మొదటిసారి నన్ను నువ్వు అంది. వానలోనే వెళ్లిపోయింది. పదిహేడు మెట్లు ఒక్కొక్కటే దిగుతున్న చప్పుడు విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

దూకే లైన్ తీసేశాను. పిల్ల మొదటి బండ దగ్గరే ఆగిపోయింది. నేను కట్టిన లోకంలో ఆమె నడవగల దారి ఒక్కటీ లేదని అప్పుడు తెలిసింది. గేమ్‌లోని పన్నెండు స్టేజీలూ మళ్లీ కట్టాను. బండల చోట ఏటవాలు దారులు, వాగుల మీద వంతెనలు. పిల్ల కాళ్లు కూడా వినోద కాళ్లలాగే మార్చి గీశాను.

పదకొండో రోజు తన కాగితాలు తీసుకుపోవడానికి వచ్చింది. గేమ్ పెట్టి కుర్చీ జరిపాను. ఆడింది. మోకాళ్లు తప్పు గీశానని రెండు గడులు సరిచేసింది. పిల్ల మెల్లగా నడిచి చివరిదాకా చేరింది.

పెళ్లి చేసుకుంటావా అని అడిగాను.

"నడుము గూడ వంగకుంట అయితదని దవాఖానల చెప్పిన్రు. అప్పుడేం జేస్తవ్?"

"నయమైతదని నేనంటలేను. దారులు మల్ల కడత."

ఆమె కళ్లు తుడుచుకుని గ్రాఫ్ కాగితం అందుకుంది. ఆ పిల్ల పక్కన ఒక పిలగాణ్ణి గీసింది. జుట్టు అచ్చం గోబీపువ్వే.

"వీనికి దూకుడు ఉంచాల్నా?" అన్నాను.

"తియ్యి. ఉంటె ముంగట పోతడు."

తీసేశాను.