చిలకకు గొంతిచ్చింది ఎవరు?

మైకు పాడైందనుకున్నాడు సౌండ్ ఇంజనీరు. అద్దం అవతల ఆ అమ్మాయి పెదాలు చక్కగా కదులుతున్నాయి. తెర మీద హీరోయిన్ పెదాలతో అచ్చంగా కలుస్తున్నాయి కూడా. హెడ్‌ఫోన్‌లో మాత్రం ఒక్క మాట లేదు.

బూత్ తలుపు తోసుకుని లోపలికొచ్చి వైర్లన్నీ లాగి చూశాడు.

"మైకు బాగానే ఉందండీ. మరి మీరే..."

"నేనే మాట్లాడలేదు," అందామె, బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ. "రికార్డింగ్ అని ఎర్ర లైటు వెలిగితే నాకింతే. చిన్నప్పుడు సెట్‌లో ఊరికే పెదాలాడించమనేవాళ్ళు. నా గొంతు బాగోలేదని వేరే ఎవరితోనో చెప్పించేశారు. అదే అలవాటైపోయింది."

చిన్నప్పుడామె పెద్ద స్టారు. చిలక అనే పాత్ర వేసింది మొదలు అందరికీ చిలకే. "నాన్నా, తలుపు తియ్యవా? ఇంకెప్పుడూ అల్లరి చెయ్యను" అనే ఒక్క డైలాగుకి హాళ్ళలో జనం వెక్కి వెక్కి ఏడ్చారు. ఇప్పటికీ కనబడితే చాలు, అది చెప్పమంటారు. తలనొప్పనో, బస్సొచ్చేసిందనో ఆమె తప్పించుకుంటుంది. పెద్దయ్యాక ముఖం మారిందని వేషాలివ్వడం మానేశారు. మిగిలింది డబ్బింగే. ఈ రోజు టేక్ ఓకే అయితే హీరోయిన్‌కి ఆమె గొంతు ఖాయం. కాకపోతే, బయట బెంచీ మీద ఇంకో అమ్మాయి సిద్ధంగా కూర్చుని ఉంది.

అతనికీ కంగారుగానే ఉంది. కారణం వేరు.

"చిలకకి గొంతిచ్చిందెవరో కనుక్కున్నారా?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"ఎవరో పిల్ల. దొరికితే జుట్టు పట్టుకుని అడుగుతాను. నాకొచ్చిన పేరంతా తనదే కదా! నేను చేసిందేముంది? నోరు తెరిచాను, మూశాను."

అతని చెయ్యి తనకు తెలియకుండానే జుట్టు మీదికి పోయింది.

"ఏరా, వైర్లు చూస్తున్నావా, కబుర్లు చెబుతున్నావా?" స్పీకర్లో డబ్బింగ్ డైరెక్టరు కేకేసింది. ఆవిడ అతని తల్లి. "అమ్మాయ్, ఇదే ఆఖరు టేక్. ఈసారీ కుదరకపోతే బయట అమ్మాయిని పిలుస్తాను. ఏమనుకోకు."

అతనింకా బూత్‌లో ఉండగానే ఎర్ర లైటు వెలిగింది. ఆమె పెదాలు కదిలాయి. చప్పుడు లేదు. ఆమె మైకు స్టాండు పట్టుకుంది. ఇది కూడా పోతే ఇంటికెళ్ళి ఏం చెప్పాలి?

అతనికిక ఆగబుద్ధి కాలేదు. మైకు దగ్గరికి వంగాడు.

"నాన్నా, తలుపు తియ్యవా? ఇంకెప్పుడూ అల్లరి చెయ్యను."

బొంగురు గొంతు. కానీ "తియ్యవా" దగ్గర ఆ చిన్న వెక్కు ఆమెకు తెలియనిది కాదు.

"మీరా?"

"ఆ రోజు గొంతివ్వడానికి రావలసిన పిల్లకి జ్వరం వచ్చింది. అమ్మ నన్ను మైకు ముందు స్టూలెక్కించింది," అన్నాడు నేల చూపులు చూస్తూ. "కానీ ఆ ఏడుపు నాది కాదండీ. తెర మీద మీరు ఏడుస్తుంటే చూడలేక ఏడ్చాను. ఆ రోజంతా మీ ముఖమే చూశాను. ఆ తర్వాత ఇంకెవరి ముఖమూ అలా చూడబుద్ధి కాలేదు."

"చిలక... మగపిల్లాడా!"

ఆమె పగలబడి నవ్వింది. ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. అద్దం అవతల సౌండ్ మీటరు ముల్లు ఎగిరిపడింది.

"అదీ గొంతంటే!" స్పీకర్ అదిరింది. "అది చల్లారకముందే డైలాగు చెప్పవే తల్లీ! నువ్వు బయటికి రారా!"

అతను ఒక్క గెంతులో బయటపడ్డాడు. ఆమె చెప్పింది. మొదట వణుకుతూ, తర్వాత తడబడకుండా, తన సొంత గొంతుతో. టేక్ ఓకే అయింది.

అతను మాత్రం తలెత్తలేదు. ఆమెకు పని దొరికింది సరే, తనకు జవాబు రాలేదు. నోరు జారానేమోనని బటన్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. హెడ్‌ఫోన్‌లో ఆమె గొంతు వినిపించింది.

"అబ్బాయ్, తలుపు తియ్యవా? నీ జుట్టుతో నాకు పనుంది. అల్లరి మాత్రం మాననని ముందే చెబుతున్నా."

'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. అతను హెడ్‌ఫోన్‌ని రెండు చేతులా చెవులకి అదుముకున్నాడు.

వాళ్ళమ్మ అతని చెవి మీంచి హెడ్‌ఫోన్ లాగేసింది.

"వెళ్ళి తియ్యరా మొద్దూ! ఈ టేక్ నాకూ ఓకే."