డెల్ దాచిన భుజం

పశువుల కాపరి ఓపల్ హెగ్‌స్టాడ్ పెంచే ఆంబోతు చచ్చి పడి ఉంది. తుపాకి పేలిన చప్పుడు వినబడింది ఉదయం 6:50కి.

ఆరువందల గజాల అవతల, గట్టు మీద, పోలీసు డిప్యూటీ మార్లిస్‌కి ఖాళీ తూటా గొట్టం దొరికింది. త్రీ హండ్రెడ్ మాగ్నమ్ అనే భారీ వేట తుపాకిది. ఆ లోయలో ఆ తుపాకి ఉన్నది డెల్ రాస్ముసెన్ ఒక్కడికే. పైగా ఓపల్ వాడే సన్న తూటాని పిల్లల ఆట వస్తువని అందరిలో వెక్కిరించి, ఏడాదిగా ఆమెతో మాటలు లేనివాడు.

"ఆ టైంలో ఎక్కడున్నారు?" డెల్‌ని అడిగింది మార్లిస్.

"ఇంట్లో."

"చూసిందెవరు?"

"నా కుక్క."

"మాగ్నమ్ ఏది?"

"చెప్పను."

మార్లిస్‌కి ఒళ్లు మండింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. కేసు రుజువైతే జైలు, ఆపైన జన్మలో తుపాకి ముట్టకూడదు. వేట తప్ప వేరే లోకం తెలియని వాడికి ఇక మిగిలేదేముంది?

వారెంట్ తెచ్చి బీరువా తెరిపించింది. మాగ్నమ్ లేదు. సన్న తూటా తుపాకి, కొత్త సిక్స్ పాయింట్ ఫైవ్ ఉంది, పక్కనే భుజం ఆపరేషన్ కాగితాలు.

"మాగ్నమ్ వెనక్కి తంతే భుజం ఊడొస్తుందమ్మాయ్," అన్నాడు డెల్ నేల చూస్తూ. "ఇది అందులో సగమే తన్నుతుంది. ఆరువందల గజాల్లో గురి ఏమీ తగ్గదు. కాఫీ హోటల్లో మాత్రం చెప్పకు."

"పాతది ఎవరికి అమ్మారు?"

పేరు చెబితే ఎందుకమ్మాడో కూడా బయటపడుతుందట. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది మార్లిస్‌కి.

శనివారం, పది గంటలు. కాఫీ హోటల్లో అందరూ ఉన్నారు. డెల్‌ని లోపలెయ్యమని గట్టిగా అరుస్తున్నది కిప్ లండ్‌గ్రెన్. అతని కుడి కనుబొమ్మ మీద ప్లాస్టర్.

"కంచె తీగ గీరుకుంది," అన్నాడు మార్లిస్ అటు చూడగానే.

"ప్లాస్టర్ తియ్యి."

నెలవంకలా తెగిన గాయం.

"తీగ ఇంత గుండ్రంగా కొయ్యదు," అంది మార్లిస్. "మాగ్నమ్ వెనక్కి తన్నితే గురి చూసే స్కోప్ అంచు కనుబొమ్మని ఇలా కోస్తుంది. ముప్పై ఏళ్లు కాల్చిన డెల్‌కి కన్ను ఎంత ఎడంగా పెట్టాలో తెలుసు. కొత్తగా కొన్న నీకు తెలీదు."

కిప్ ముఖం పాలిపోయింది. మసక వెలుతురులో దుప్పి అనుకుని కాల్చానన్నాడు. తుపాకి అమ్మిన సంగతి డెల్ బయటపెట్టడని అతని ధీమా.

"మరి నువ్విప్పుడు దేంతో కాలుస్తున్నావయ్యా?" డెల్‌ని అడిగింది ఓపల్.

డెల్ కాఫీ కప్పు ఎడమచేత్తో కింద పెట్టాడు.

"నువ్వు వాడేదే."

ఎవరూ నవ్వలేదు. ఓపల్ జరిగి, పక్కన చోటిచ్చింది.

"ఈ ముక్క చెప్పడానికి జైలు గుమ్మం దాకా పోవాలా?"