మనుషులకు కోరలుండవు

ఏజెంట్ నారాయణమూర్తి శవం బండారులంక కాలవలో తేలింది. మెడ చుట్టూ తాడు అచ్చు, పిడికిట్లో నానిన కాగితం. దాని మీద ఒక చైనా అక్షరం, కింద తెలుగులో ఒకే మాట: "ప్లేటు".

అది 1943. కాకినాడ గూఢచారి ఆఫీసులో మేజర్ సూర్యప్రకాశరావు ఆ కాగితాన్ని ఏజెంట్ పెద్దిరాజు ముందుకు తోశారు.

"చదవగలవా?"

పెద్దిరాజు పెరిగింది రంగూన్ చైనా బజారులో. "齒. పన్ను సార్. వేల ఏళ్ల కిందట ఎముకల మీద గీసినప్పుడు తెరిచిన నోరు, లోపల పళ్లు, అంతే బొమ్మ. ఎలా పలకాలో తెలియడానికి నెత్తిన ఇంకో అక్షరం తర్వాత చేర్చేరు. చైనా, జపాన్, కొరియా, వియత్నాం వైపు అన్నాం దేశం, అందరికీ ఉందిది. పలకడం ఎవరి నోటికి తగ్గట్టు వాళ్లది."

"అమలాపురంలో పళ్ల డాక్టర్ లీ బోర్డు మీదది. చైనావాణ్ణంటాడు. అవునో కాదో తేల్చు." మేజర్ గొంతు తగ్గించారు. "రేపు సాయంత్రం నాలుగింటికి సింధుకుమారి మన రేవు నుంచి కదులుతుంది. ఓడలో మూడొందల మంది. రూటు లీకైంది, అయినా ప్రయాణం ఆపడానికి పైవాళ్లు ఒప్పుకోలేదు. కదిలాక రేడియో ఉండదు, వెనక్కి పిలవలేం. ఆ రూటు రేపు సాయంత్రం అల్లవరం తీరం నుంచి పడవలో జపాన్ జలాంతర్గామికి వెళ్తుందని కబురు. కొరియర్ సూర్యకాంతం. తీరంలో అందర్నీ ఒకేసారి పట్టుకోడానికి పోలీసు లాంచీ వస్తుంది."

"నాటకాల సూర్యకాంతమా?"

"మన ఏజెంటూ ఆవిడే, వాళ్ల ఏజెంటూ ఆవిడే. చివరికి ఎవరి పక్షమో ఆవిడకే తెలియాలి. దొంగమందుల చీటీ మోస్తున్నానని అనుకుంటోంది. ఆవిడ తమ్ముడు అప్పారావు ఆ ఓడ బాయిలర్ దగ్గర నిన్ననే చేరేడు. అదీ తెలీదు."

మర్నాడు పొద్దున్న పెద్దిరాజు మలికిపురం కొబ్బరి వర్తకుడి వేషంలో లీ గుమ్మం ఎక్కాడు. లోపలి నుంచి సూర్యకాంతం వచ్చింది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, వేళ్ల మధ్య సిగరెట్. పై వరస కట్టుడుపళ్లను నాలుకతో సర్దుకుంటోంది. స్టేజి మీద పడి నాలుగు పళ్లు పోగొట్టుకున్న సంగతి జిల్లా అంతా తెలుసు. ప్లేటంటే ఆ కట్టుడుపళ్ల పలకేనని పెద్దిరాజుకి అర్థమైంది.

కుర్చీలో కూర్చుని, బల్ల మీది దుమ్ములో వేలితో 牙 గీశాడు. "రంగూన్‌లో మా బావగారి వీధి పళ్ల డాక్టర్ బోర్డు మీద ఇలా ఉండేదండి. మీది వేరేగా ఉందేమిటండి?"

లీ మూతి వంకర తిప్పాడు. "అది జంతువుల కోర. మనుషులకు కోరలుండవు."

లీ దొరికిపోయాడు. చైనావాడు తన నోట్లో పన్నునైనా ఆ అక్షరంతోనే రాస్తాడు. అన్నాంలో పళ్ల డాక్టర్ని పిలిచేదీ దానితోనే. విడిగా రాస్తే దాన్ని మృగాలకు వదిలేసేది జపాన్‌వాడు.

లీకి కూడా అనుమానం వచ్చినట్టుంది. పటకారు తీశాడు. మత్తు ఇవ్వలేదు. "నిజమైన రోగివైతే ఓర్చుకుంటావు," అన్నాడు. పెద్దిరాజు అరవలేదు. పుచ్చు లేని దవడ పన్ను పళ్లెంలో టంగుమంది. లీని ఆ క్షణంలో చంపెయ్యాలనిపించింది.

సాయంత్రం అల్లవరం తీరం. సూర్యకాంతం పక్కనే లీ ఉన్నాడు, కోటు జేబులో చెయ్యి పెట్టి. సముద్రం మీంచి నాటుపడవ వస్తోంది, అందులో నలుగురు. పోలీసు లాంచీ పాయలో పోటు కోసం ఆగిపోయింది. పెద్దిరాజు దగ్గరున్నవి బుట్టెడు కొబ్బరికాయలు, నాలుగు చుట్టలు.

"నమస్కారమండి సూర్యకాంతంగారూ," అన్నాడు వాచిన దవడతో. "మీ తమ్ముడు అప్పారావుగారు సింధుకుమారి ఎక్కేరటగా? ఇందాకే బయల్దేరిందటండి. పాపం, ఒడ్డుకి చేరితే బాగుణ్ణు."

తన నోట్లో ఉన్నది మందుల చీటీ కాదని ఆవిడకి అర్థమైంది. కళ్లద్దాలు తీసి పెద్దిరాజుని, లీ జేబుని, పడవని చూసింది. పడవ ఇరవై గజాల్లో ఉంది.

"ఆయ్," అంది మెల్లిగా. "ఓ చుట్ట ఇప్పించండి. నోరు పీకేస్తోంది."

లీ అసహ్యంగా చూశాడు కాని అడ్డుచెప్పలేదు. పట్నంలో సిగరెట్లు తాగే మనిషే కదా అనుకున్నాడు. ఆవిడ పుట్టింది ఈ ఇసుకలోనే, చేపలబుట్టల మధ్య. చుట్ట అంటించి రెండు దమ్ములు లాగింది. తిప్పి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది. ఈ తీరపు అమ్మమ్మలందరూ తాగే అడ్డపొగ.

లీ నోరు తెరిచి చూస్తుండిపోయాడు. పొద్దున్న తాను ప్లేటు అడుగున మైనంతో అంటించిన రూటు కాగితం గుర్తొచ్చేసరికి ఆవిడ ముక్కులోంచి మైనం కాలిన వాసన వస్తోంది. పిస్టల్ బయటికి లాగాడు. పెద్దిరాజు విసిరిన కొబ్బరికాయ మణికట్టు విరగ్గొట్టింది.

పడవ ఒడ్డుకి తగిలింది. సూర్యకాంతం ప్లేటు తీసి వాళ్ల కాళ్ల ముందు పారేసింది. నల్లటి మసి తప్ప ఏమీ లేదు. వాళ్లు తెప్పరిల్లేలోగా పోటొచ్చింది, పోటుతో లాంచీ వచ్చింది.

మూడోరోజున టెలిగ్రాం వచ్చింది: సింధుకుమారి క్షేమంగా చేరింది. సూర్యకాంతం దాన్ని రెండుసార్లు చదివి, బొబ్బలెక్కిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"సాక్ష్యం ఏదయ్యా?" అన్నారు మేజర్.

"ఆవిడ తాగేసేరండి."

మేజర్ రిపోర్టు రాయడానికి కూర్చున్నారు. మన వైపు నష్టాల కింద నారాయణమూర్తి పేరు రాసి, దాని కింద రాశారు: దవడ పన్ను ఒకటి, ఆరోగ్యమైనది.