ఎనభై ఏడో కార్డు

1967 మే నెల. ఉదయం తొమ్మిది గంటలు. మహబూబ్‌నగర్ స్టేషన్లో హైదరాబాద్ ప్యాసింజర్ ఆగింది. దిగిన మారయ్య నాలుగడుగులు వేసి బోర్లా పడ్డాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఎవరికీ చప్పుడు వినబడలేదు.

పది గంటలకు అతని చొక్కా జేబులోని అట్ట కార్డు ట్రావెలర్స్ బంగళాలో ఏజెంట్ అమరేందర్ ముందుంది. కార్డు నిండా సన్నటి రంధ్రాలు.

"నల్గొండలో మన రాడార్ కంప్యూటరున్నది," అన్నాడు ఛీఫ్. "దాన్ని నడిపే మూల ప్రోగ్రాం పేరు సూపర్‌వైజర్. ఇయ్యాల నాలుగింటికి తయారుచేస్తరు. మెమరీ ఎంత, టేపులెన్ని, ప్రింటరుండాల్నా, వద్దా... ఒక్కో ఆప్షన్‌కు ఒక్కో కార్డు. తయారయ్యేటప్పుడు ఏది పెడితే అది ప్రోగ్రాం ఒంట్లో కలిసిపోతది. తర్వాత పీకుడు కుదరదు."

"మరి ఇది?"

"ఎనభై ఏడోది. బయటి టెలిఫోన్ లైను మీద కంప్యూటర్‌ను వాడనియ్యాల్నా? మన జవాబు నో. నా సంతకం కోసం మన మనిషి మారయ్య ఇటు తెచ్చిండు. చంపినోళ్లకు జేబు వెతికే టైం దొరకలేదు."

కార్డు పైఅంచున ఇంగ్లీషు అచ్చులో 'నో' స్పష్టంగా ఉంది.

"ఆరింటికి ప్రోగ్రాం కాపీలు మూడు రాడార్ స్టేషన్లకు పోతయి. నాలుగు లోపల కార్డు నల్గొండ చేరాలె. దారిల దేవరకొండ బంగళాల మిస్ లిల్లీని కలువు, ఏదో కబురున్నదట."

ఆ పేరు వినగానే అమరేందర్ కార్డును విసురుగా జేబులోకి తోశాడు.

మిస్ లిల్లీ అసలు పేరు యాదలక్ష్మి. భువనగిరి పిల్ల. పోయిన మాఘంలో వాళ్ల పెళ్లి జరగాల్సింది. ఈ డ్యూటీ కోసం ఆమె వాయిదా వేసింది. ఊరూరా బావుల్లో ఫ్లోరైడ్ పరీక్షిస్తానంటూ దిగిన డాక్టర్ హార్డ్‌విక్ విదేశీ గూఢచారి ముఠాకు నాయకుడు. ఆమె అతని దుబాసీ. మన రహస్యాలు తనకు అమ్ముతోందని అతని నమ్మకం. మూడు నెలలుగా జీపులో అతని పక్క సీటు ఆమెదే. ఆ సంగతి గుర్తొచ్చిన ప్రతిసారీ అమరేందర్‌కు అన్నం సయించేది కాదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు దేవరకొండ బంగళా ముందు ఒక గొర్రెల కాపరి నిలబడ్డాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. కర్ర పిడిలో వైర్‌లెస్ సెట్.

వరండాలో యాదలక్ష్మి నీలి జార్జెట్ చీరలో మెరిసిపోతోంది. హార్డ్‌విక్ ఏదో అంటే తల వెనక్కి వాల్చి నవ్వింది. తనతో ఉన్నప్పుడు అట్లా ఎన్నడైనా నవ్విందా? అమరేందర్‌కు గుర్తు రాలేదు.

"అమ్మా, గొర్లకు నీళ్లు దొరుకుతయా?" ఇది కోడ్.

"ఏ బాయి నీళ్లు కావాలె?" ఆమె మెట్లు దిగి వచ్చింది.

"పడమటి బాయి."

ఆమె గొంతు తగ్గించింది. "మారయ్య జేబుల కార్డు పెట్టకు. అది..."

"నీకెవరు చెప్పిండ్రు? ఆయననేనా?"

"జర విను అమర్!"

"గా చీర ఆయన ఇచ్చిండా?"

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. అంతలో హార్డ్‌విక్ మెట్లు దిగి ఆమె భుజం మీద చేయి వేశాడు. ఆమె ముఖం మారిపోయింది. "చెప్తే సమజ్ కాదా? నీళ్లు లేవు, పో!" అని కసిరింది.

నల్గొండ దాకా అరవై కిలోమీటర్లు తన జీపు ఎట్లా నడిపాడో అమరేందర్‌కు తెలియదు. భుజం మీద ఆ చేయి కళ్ల ముందునుంచి కదల్లేదు. ఆమె వాడి మనిషైపోయింది. అందుకే కార్డు ఆపమంటోంది. తప్పకుండా పెట్టించి తీరుతాను!

నాలుగుకు అయిదు నిమిషాలుందనగా కంప్యూటర్ గదిలో ఇన్‌చార్జి కాటమయ్య ఆ కార్డును కట్టలో దాని స్థానంలో పెట్టాడు. సరిగ్గా నాలుగింటికి స్టార్ట్ బటన్ నొక్కాడు. యంత్రం ఒక కార్డు మింగేది, దాని ప్రకారం ప్రోగ్రాం ముక్క తయారు చేసుకునేది, తర్వాత ఇంకో కార్డు మింగేది.

ఇరవై. ముప్ఫై. అమరేందర్ గోడకానుకుని కసిగా చూస్తున్నాడు.

"కాటమయ్యగారూ, ఈ కార్డు పెట్టకుంటే ఏమవుతుండె?"

"ఏమైతది? అక్కడికొచ్చి యంత్రం ఆగుతది. ఇంకో కార్డుకు రంధ్రాలు కొట్టి పెడ్తం. పది నిమిషాల పని."

అరవై. డెబ్బై.

అమరేందర్ నిటారుగా నిలబడ్డాడు. కార్డు ఆగిపోతే హార్డ్‌విక్‌కు దక్కేది పది నిమిషాల ఆలస్యం. దానికోసం ఒక మనిషిని చంపుతాడా? ఆమె వాడి మనిషే అయితే కార్డు పెట్టొద్దని ఎందుకంటుంది? పైగా ఆ జేబును హంతకుడు ఎందుకు వదిలేశాడు?

ఎనభై నాలుగు. ఎనభై అయిదు.

"ఆపండి!"

కాటమయ్య తేరుకునేలోపే అమరేందర్ దూకి స్టాప్ బటన్ గుద్దాడు. ఎనభై ఆరో కార్డు దగ్గర యంత్రం గుర్రుమని నిలిచింది. ఎనభై ఏడోది లాగి కాటమయ్య కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు.

"పైన అచ్చు మనకోసం, బాబూ. యంత్రం చదివేది రంధ్రాలనే. ఒక్కో అక్షరానికి ఒక్కో నిలువు వరస. నో అంటే ఇంగ్లీషుల రెండక్షరాలు. ఈడ జవాబు చోట మూడు వరసలున్నయి. ఇది ఎస్!"

పడ్డ మారయ్యను లేపే నెపంతో హంతకులు అసలు కార్డు తీసుకుని, మనచేతే పెట్టించడానికి దీన్ని జేబులో వదిలారు. యాదలక్ష్మి చెప్పబోయింది అదే.

అమరేందర్ కర్ర పిడి నోటికి ఎత్తాడు. "ఛీఫ్, లైన్ల మీద నిఘా పెట్టండి. హార్డ్‌విక్ దగ్గర్లనే ఉంటడు."

పావుగంటలో, కంప్యూటర్ సెంటర్ వెనక టెలిఫోన్ స్తంభానికి వైరు తగిలించి కూర్చున్న నీళ్ల పరీక్షల వ్యానులో హార్డ్‌విక్ దొరికాడు. పక్క సీట్లో ఉన్న యాదలక్ష్మి పిస్టల్ అప్పటికే అతని పక్కటెముకలకు ఆని ఉంది.

"ఒక్క మాట వినకపోతివి," అంది, అమరేందర్‌ను చూడకుండా.

"తప్పైంది, లక్ష్మీ."

"మారయ్య పెండ్లాం గుర్వమ్మకు ఇయ్యాల కబురు చెప్పాలె. నువ్వొస్తవా, ఇంకా చీరల లెక్కనే తీస్తవా?"

"వస్త." అతను తలవంచుకుని ఆమె వెంట నడిచాడు.

కొత్త కార్డుతో తయారైన సూపర్‌వైజర్ కాపీలు ఆరింటికి మూడు స్టేషన్లకూ బయల్దేరాయి.

వారం తర్వాత హార్డ్‌విక్ నలభై పేజీల వాంగ్మూలం ఇచ్చాడు. అందులో మిస్ లిల్లీ గురించి ఏమన్నాడో చూద్దామని అమరేందర్ ఫైలు అడిగాడు. ఆమె గురించిన పన్నెండు పేజీలూ టాప్ సీక్రెట్ అన్నాడు ఛీఫ్. ముద్ర వేయించింది యాదలక్ష్మే.