పెద్ద కోడలి గాలి

డాక్టర్ షమీమ్ అరచేతిలో ఇమిడే పెట్టెను సిలిండర్ మూతికి తగిలించి, మర కొద్దిగా తిప్పింది. గాలి సుయ్‌మంటూ పెట్టెలోకి పోయింది. వకుళమ్మ చూపు మాత్రం పెట్టె మీద లేదు, తోడికోడలు రాజ్యం ముఖం మీద ఉంది.

"ఇప్పుడు బయటపడుతుంది చూడండి, మహాతల్లి గాలిలో ఏం కలుపుతోందో!"

చుట్టూ కొండల్ని తవ్వి తవ్వి ఆ ఊళ్ళో గాలినంతా రాతిదుమ్ము చేసేశారు. గడప దాటితే ముఖానికి మాస్కు, వీపున సిలిండర్ ఉండాల్సిందే. ప్రతి పెరట్లోనూ ఒక కంప్రెసర్. అది బయటి గాలిని గొట్టంతో లాగి, వడగట్టి, సిలిండర్లలోకి కుక్కుతుంది. మర్యాదలూ దాన్నిబట్టే మారాయి. చుట్టం వస్తే ముందు కాళ్ళకు నీళ్ళు, ఆ వెంటనే ఇంటి గాలి నింపిన సిలిండర్. "గాలి పెట్టకుండా పంపితే పస్తు పంపినట్టే" అనేది వకుళమ్మ అత్తగారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ గాలి పెట్టే పెత్తనం పెద్ద కోడలిదే.

ఆవిడ పోయాక చుట్టాలంతా పక్క వాటాలో ఉన్న రాజ్యం గడప ఎక్కడం మొదలుపెట్టారు. "చిన్న కోడలి గాలి ఎంత తేలిగ్గా ఉందో!" ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా వకుళమ్మకు జపం తప్పిపోయేది. ఇప్పుడు మరీ అన్యాయం. రేపు తన కూతురి నిశ్చితార్థం. మగపెళ్ళివారు "విడిదిలో చిన్న కోడలుగారి గాలే పెట్టించండి" అని కబురంపారు. కన్నబిడ్డ శుభకార్యంలో తన చేత్తో గాలి పెట్టే యోగం పోతోంది. అందుకే, గాలిని పరీక్షించే పెట్టె కొత్తగా కనిపెట్టిన షమీమ్‌ను తనే పిలిపించింది.

పెట్టె మీద పచ్చదీపం వెలిగింది.

"కల్తీ సున్నా" అంది షమీమ్. "ఆక్సిజన్ ఉండాల్సినంత ఉంది. నూనె తుంపర, తేమ, విషవాయువు ఏవీ లేవు. వాసన కూడా లేదు."

"గాలిలో కలిపే తీరిక నాకెక్కడిది అక్కయ్యా? పప్పులో ఉప్పే మర్చిపోతాను కదా!" అని నవ్వింది రాజ్యం.

"మీదీ చూద్దామా, వకుళమ్మగారూ?"

వకుళమ్మ ధీమాగా తన సిలిండర్ ముందుకు తోసింది. పెట్టె ఎర్రబడి, కీచుమని అరిచింది.

షమీమ్ మాస్కు తగిలించుకుని పెరట్లోకి నడిచింది. కంప్రెసర్ గాలి లాగే గొట్టం మూతి దగ్గర నిప్పుల మీద సాంబ్రాణి పొగలు కక్కుతోంది.

"రోజూ ఇక్కడే వేస్తారా?"

"రెండు పూటలా. దేవుడి పరిమళం చుట్టాల ఊపిరిలోకి వెళ్ళాలని."

"పరిమళంతో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వెళుతోందమ్మా. దుమ్మునూ నూనెనూ మీ ఫిల్టరు పట్టేస్తుంది కానీ దాన్ని పట్టలేదు. రక్తంలో ఆక్సిజన్‌కు వేసిన పీట మీద అదే ముందెక్కి కూర్చుంటుంది, ఓ పట్టాన లేవదు. మీ ఇంటికొచ్చినవాళ్ళకు తలనొప్పి రావట్లేదూ?"

వస్తోంది. అదంతా రాజ్యం దిష్టి అనుకుని వకుళమ్మ ఇన్నాళ్ళూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోస్తోంది.

"నా సిలిండర్లు తీసుకో అక్కయ్యా. నువ్వే నింపావని చెబుతాను" అంది రాజ్యం మెల్లగా.

ఎర్రదీపం కన్నా ఆ మాటే ఎక్కువ కాల్చింది.

"నీ గాలి అరువు తెచ్చుకుని నా పిల్లకు నిశ్చితార్థం చేసుకునే ఖర్మ పట్టలేదులే!"

సాంబ్రాణి పళ్ళెం తనే లోపలికి మోసుకుపోయింది. సిలిండర్లన్నీ ఖాళీ చేసి, మళ్ళీ నింపి, షమీమ్ చేత పచ్చదీపం చూపించుకుంది. మగపెళ్ళివారికి ఆ పచ్చదీపం మాట చెప్పి ఒప్పించింది.

మర్నాడు విడిదిలో వాళ్ళకు తన చేత్తోనే గాలి పెట్టింది. వియ్యపురాలు మాస్కు పెట్టుకుని తీసేదాకా వకుళమ్మ ఊపిరి బిగబట్టి చూసింది.

"గాలి ఎలా ఉంది వదినగారూ?"

"ఏముంది, గాలిలాగే ఉంది. తోడికోడళ్ళిద్దరిదీ ఒకటే!"

ఒకటే! తిట్టినా అంత బాధపడేది కాదు వకుళమ్మ.

నెలలు గడిచేసరికి షమీమ్ పెట్టె ఇంటింటికీ చేరింది. ఏ ఇంట చూసినా పచ్చదీపమే, సున్నానే. ఇక ఊళ్ళో గాలి తగువులుండవని షమీమ్ సంబరపడింది. ఒక ఉదయం ల్యాబ్ తలుపు తీస్తే, పెట్టెలు పట్టుకుని ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. అందరికన్నా ముందు వకుళమ్మ.

"ఈ సున్నా చాలదు డాక్టరుగారూ. సున్నా పక్కన చుక్క పెట్టి, ఇంకో నాలుగంకెలు చూపించేలా చెయ్యండి."

"ఎందుకమ్మా? ఆ తేడా ఆరోగ్యానికి లెక్కలోకే రాదు."

"ఆరోగ్యం సంగతి ఎవరడిగారు?"

వెనక నుంచి ఓ చెయ్యి బల్ల మీదికి పెట్టె జరపబోయింది. వకుళమ్మ తిరిగి చూసింది.

"ఆగవే రాజ్యం! పెద్ద కోడలిదే ముందు."

"అలాగే అక్కయ్యా" అంటూ రాజ్యం వెనక్కి జరిగింది. పెట్టె మీద ఉన్నది సున్నానే అయినా, అక్కయ్య కంట పడకుండా కొంగు చాటున దాచుకుంది.